పాత సామాను, పందెపు బండి

వానలేని నేలపై బ్రదుకువారికి ఒక గుణము తనంత తానే అలవడును. వారు ఏ వస్తువునకును ఒక్క పనితో సెలవీయరు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు మా అనంతపురము సీమలో, వేరుశనగ ఒక యేడు పండి మరుసటి యేడు కాయ కట్టకయే ఎండిపోవు పల్లెలలో, పారవేయుట యను మాట అరుదుగా వినబడును. లారీ క్రింద విరిగిన కమాను పట్టీ కమ్మరి కొలిమి చేరి కొడవలి యగును, మచ్చుకత్తి యగును. అరిగిన లారీ టైరు ఎద్దుబండికి చక్రమై మరి కొన్నేండ్లు తిరుగును. అందునను అరిగినపిదప కాలికి చెప్పు అగును. మోటారు ట్యూబు పిల్లలకు బావిలో ఈత నేర్పును.

ఈ గుణమే మమ్ములను ఒక పనికి పురికొల్పినది. మేము నలుగురము మిత్రులము కలసి, తుక్కు అంగళ్లలో దొరకు సామానుతో, ఇద్దరు కూర్చుండదగిన చిన్న పందెపు కారు నొకదానిని కట్టబూనితిమి. ఆ పనిలో మేము పడిన పాట్లను, అందు ముఖ్యముగా చక్రములపై బండిని నిలుపు స్ప్రింగుల విషయమున మేము చేసిన పొరపాటును, దానిని దిద్దుకొన్న విధమును మీతో చెప్పుకొనవలెనని ఈ ప్రసంగము. యంత్రములతో పనిలేని వారికిని ఇందులో కొంత ఉపయోగము ఉండునని మా నమ్మకము. ఏలయన, పాత వస్తువును ఎక్కడ నమ్మవచ్చును, ఎక్కడ నమ్మరాదు అనునది అందరికిని ఎదురగు ప్రశ్న.

పందెపు కారు అనగానే కోటీశ్వరుల ఆటవస్తువని తోచును. చరిత్ర చూచినచో అది పూర్తిగా నిజము కాదు. 1957లో ఇంగ్లండునందు కోలిన్ చాప్మన్ అను ఇంజనీరు లోటస్ సెవెన్ అను చిన్న బండిని వెలువరించెను. దానికి ఫోర్డు వారి సామాన్యమైన ఇంజనునే పెట్టెను. భాగములను విడివిడిగా అమ్మగా, కొన్నవారు తమ ఇంటి కొట్టములోనే బిగించుకొనెడివారు. మన దక్షిణదేశమున మద్రాసు సమీపాన షోలవరములో, యుద్ధకాలపు విమానముల బాటపై జరిగిన పందెములలో, ఫియట్టు, హెరాల్డు వంటి ఇంటి కార్ల సామానుతో కట్టిన బండ్లు పరుగెత్తినవి. ఇప్పుడు సైతము ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు 2007 నుండి మన దేశమున జరుగుచున్న బాజా పోటీలకు తమ చేతులతో కట్టిన ఒంటి సీటు బండ్లను తీసికొని పోవుచున్నారు. కావున మా ఆశ వింత యైనది కాదు.

మాకు దొరకినది పాత స్టాండర్డు హెరాల్డు కారు. 1961 నుండి మద్రాసులో తయారై, ఒకనాడు వైద్యులకును, వకీళ్లకును వాహనమైన బండి యది. దానికి ఇప్పటి కార్లవలె ఒంటి రేకుకట్టు కాక, క్రింద ప్రత్యేకమైన ఇనుప చట్రము కలదు. పై డొక్కును ఊడదీసినను చట్రము నిలుచును, ఇంజను నడచును. ఈ చట్రపు రీతి మీదనే ఇంగ్లండులో 1962లో స్పిట్‌ఫైర్ అను పందెపు కారు వెలసినది. మరియొక సుగుణ మేమనగా, హెరాల్డు ముందు చక్రములకు నిలువు గొట్టమువంటి షాక్‌అబ్జార్బరును, దాని చుట్టును తొడిగిన స్ప్రింగును ఒక్క కట్టుగా ఉండును. పందెపు బండ్లకు ఇష్టమైన అమరిక ఇదియే. తక్కువ చోటు పట్టును, విప్పుట సులభము, ఎత్తు సవరించుట సులభము.

అయితే మాకు దొరకిన బండిలో ఆ కట్టులు రెండును చెడియుండెను. కొత్తవి కొనుటకు ఆ కారు తయారుచేసిన కర్మాగారమే మూతపడినది. విదేశము నుండి తెప్పించుకొను స్తోమత మాకు లేదు. తుక్కు అంగళ్లలో మాత్రము షాకులు కుప్పలుగా పడియున్నవి. వాటితోనే పని గడపుదమనుకొంటిమి.

ఇక్కడ స్ప్రింగునకును షాకునకును గల భేదము చెప్పవలసియున్నది. చాలమంది రెండును ఒకే పని చేయుననుకొందురు. మా ఊరి పాత మేస్త్రీ ఒకరు మాతో ఇట్లనిరి: “ఏమప్పా, స్ప్రింగు బరువు మోస్తాది, షాకు దాని ఎగురుడు అణుస్తాది. ఒకదాని పని ఇంకొకదానికి చెప్తే రెండూ చెడిపోతాయి.” ఇంతకన్న చక్కగా చెప్పుట మాకు చేతకాదు. చక్రము గుంతలో దిగి లేచినప్పుడు స్ప్రింగు ఆ శక్తిని తనలో దాచుకొని మరల వెలిబుచ్చును. స్ప్రింగు ఒక్కటే ఉన్నచో బండి ఊయలవలె ఊగుచునే యుండును. షాకులో ఒక కడ్డీ, దాని చివర సన్నని రంధ్రములు గల బిళ్ల, చుట్టును నూనె ఉండును. కడ్డీ కదలినప్పుడెల్ల నూనె ఆ రంధ్రములగుండ బలవంతముగా దూరవలెను. ఆ శ్రమలో కదలిక వేడిగా మారి గాలిలో కలసిపోవును. సాధారణముగా లోనికి నొక్కునప్పటి కంటె వెలికి లాగునప్పుడు ఇది ఎక్కువగా అడ్డగించును. ఊపును చంపుట యనగా ఇదే.

మేస్త్రీ మాట విని తల యూపితిమి కాని, మనసున పెట్టుకొనలేదు. సామాను మోయు ఒక మూడుచక్రముల బండి నుండి లావుగా కనబడిన స్ప్రింగులు రెండు తెచ్చితిమి. పొడవు ఎక్కువగా నుండగా గ్యాసుమంటతో చెరి రెండు చుట్లు కోసితిమి. షాకు గొట్టముమీద ఇనుప వలయమును వెల్డింగు చేసి స్ప్రింగునకు పీట ఏర్పరచితిమి. మధ్యాహ్నమునకు పని ముగిసినది. సాయంకాలము మాలో ఒకరి పొలమున, సాగుచేయక వదలిన ఎర్రగరుసు బీడుపై బండిని నడిపి చూచితిమి.

గంటకు 40 కిలోమీటర్ల వేగమున ఒక చిన్న గట్టు దాటునప్పుడు కుడివైపు వలయము ఊడినది. స్ప్రింగు జారినది. బండి కుడికి క్రుంగి, చేని అంచున ఏరి పోసిన రాళ్ల కుప్పను గ్రుద్దుకొన్నది. నడపుచున్న మిత్రుని మణికట్టు విరిగినది. ఆసుపత్రి వరండాలో అతని తల్లి మా ముగ్గురిని చూచి, “వెయ్యి రూపాయలు మిగిలించుకోని చెయ్యి ఇరగ్గొట్టుకుంటిరే నాయనా!” అనెను. ఆమె మరేమియు అనలేదు. మాకు జవాబు లేకపోయెను.

తరువాత ఆ విరిగిన భాగములను బల్లమీద పరచి చూచుకొంటిమి. తప్పు పాత సామానుది కాదు, మాది. వెల్డింగు వేడికి షాకు పలుచని గొట్టము పెళుసెక్కినది, లోపలి రబ్బరు సీలు మాడి నూనె కారినది. గ్యాసుమంట తగిలిన చోట స్ప్రింగు ఉక్కు పదును పోయినది. అన్నిటికి మించి, ఆ స్ప్రింగు మా బండికి తగినదా కాదా యని మేము ఒక్కసారియు కొలిచి చూడలేదు. లావును చూచి బలమనుకొంటిమి.

మణికట్టు అతుకుకొనువరకు బండిని ముట్టలేదు. పిదప మొదటినుండి మొదలుపెట్టితిమి. ఈసారి మొదటి పనిముట్టు సుత్తి కాదు, కాటా. వేరుశనగ బస్తాలు తూచు కాటాను తెచ్చి ముందు చక్రము క్రింద పెట్టి, తక్కిన మూడు చక్రముల క్రింద అంతే ఎత్తు గల దిమ్మెలు వేసి, ఇద్దరిని సీట్లలో కూర్చుండబెట్టి తూచితిమి. ఒక్కొక్క ముందు చక్రముమీద 180 కిలోలు తేలినది. అందులో చక్రము, బ్రేకు మొదలగునవి 30 కిలోలు. అవి నేలమీదనే ఆనుకొనియుండును, స్ప్రింగు మోయనక్కరలేదు. కావున స్ప్రింగు మోయవలసిన భారము 150 కిలోలు.

తరువాత ప్రశ్న: స్ప్రింగు ఎంత గట్టిదై యుండవలెను? మెత్తని ఇంటి కారు తన స్ప్రింగులపై నిమిషమునకు సుమారు 60 నుండి 80 సార్లు ఊగును. వంపులలో ఒరగకుండ నడువవలసిన తేలిక బండికి 90 సార్లు తగియుండునని నిశ్చయించుకొంటిమి. లెక్క వేయగా, చక్రము ఒక సెంటీమీటరు పైకి పోవుటకు సుమారు 13.6 కిలోల బరువు కావలెనని తేలినది. కాని స్ప్రింగు చక్రము నెత్తిన ఉండదు. అది క్రింది ఆర్ముమీద, కీలు నుండి పదింట ఆరు వంతుల దూరమున కూర్చుండును. గడారుతో రాయి నెత్తిన వారికి ఈ సంగతి తెలియును. కీలుకు దగ్గరైన కొలది బరువు ఎక్కువ మోయవలెను, కదలిక తక్కువ యగును. బరువు పెరుగుట ఒకటి, కదలిక తగ్గుట ఒకటి, ఈ రెండును కలియుటచే ఆ నిష్పత్తితో రెండు మారులు హెచ్చింపవలెను. అప్పుడు స్ప్రింగునకు సెంటీమీటరుకు దాదాపు 38 కిలోల గట్టితనము కావలసివచ్చినది. దానిపై పడు బరువు 150 కాదు, 250 కిలోలు. అనగా బండి నిలిచియున్నప్పుడే అది ఆరున్నర సెంటీమీటర్లు నొక్కుకొనియుండును.

ఈ కొలత చేత పట్టుకొని తుక్కు అంగడికి పోయినప్పుడు మాకు కుప్ప కుప్పగా కాక, ఒక్కొక్క స్ప్రింగు ఒక్కొక్క వస్తువుగా కనబడినది. తీగ మందము ఎంత, చుట్టు వెడల్పు ఎంత, కదలు చుట్లు ఎన్ని అను మూడు సంగతులు చాలును. తీగ 10 మిల్లీమీటర్లకు బదులు 11 మిల్లీమీటర్లున్నచో, కంటికి తేడా కనబడదు కాని, స్ప్రింగు దాదాపు ఒకటిన్నర రెట్లు గట్టిపడును. ఎనిమిది చుట్లలో రెండు కోసినచో మిగిలినది మెత్తబడదు, మూడవ వంతు ఇంకను గట్టిపడును. మేము మొదట చేసినది ఇదే. పొట్టిచేసితిమనుకొంటిమి, నిజమునకు బండి ఎగురుటకు మరింత సహాయము చేసితిమి. మా లెక్కకు 10 మిల్లీమీటర్ల తీగ, తీగ నడిమికి కొలిచిన 70 మిల్లీమీటర్ల చుట్టు, ఎనిమిది కదలు చుట్లు గలది సరిపోవును.

లెక్కను కన్నులతో చూచుకొనుటకు మరల వేరుశనగ బస్తాలే ఆధారమైనవి. స్ప్రింగును నేలమీద నిలిపి, పక్కకు తొలగకుండ నడుమ గొట్టము పెట్టి, పైన మందపు పలక వేసి, సరిగా 40 కిలోలు తూచి కట్టిన బస్తాలను మూడింటిని ఒకదానిపై నొకటి ఎక్కించితిమి. కావలసిన స్ప్రింగు మూడు బస్తాలకు మూడు సెంటీమీటర్లకు పైచిలుకు, నాలుగు మించకుండ దిగవలెను. బస్తాలు దించగానే మొదటి పొడవునకు రావలెను. రానిది అలసిన స్ప్రింగు, దానిని ఊరక యిచ్చినను తీసికొనరాదు. తుప్పు గుంటలు పడినదియు అట్టిదే. ఆ గుంటనుండియే పగులు పుట్టును. తెచ్చిన తొమ్మిదింటిలో ఒక జత మాత్రము మాకు నచ్చినది.

షాకులను ఎన్నుకొనుట ఇంకను కష్టము. మా స్ప్రింగుతో పోల్చదగిన స్ప్రింగును అణచుటకు చేసినవే కావలెను. మెత్తని స్ప్రింగునకు చేసిన షాకు గట్టి స్ప్రింగును అణపలేదు. ముందుగా కడ్డీని గోటితో తడవి చూచితిమి. గీత తగిలినను, తుప్పు చుక్క తగిలినను అది సీలును కోయును. గొట్టముపై నూనె చార ఉన్నచో పక్కన పెట్టితిమి. మిగిలినవాటిని నిలువుగా పట్టుకొని, అయిదారుసార్లు పూర్తిగా నొక్కి లాగి, లోపలి గాలిని పోగొట్టి, తరువాత మెల్లగా లాగి చూచితిమి. మొదటినుండి చివరివరకు ఒకే తీరున బిగువు ఉండవలెను. నడుమ ఎక్కడనైనను చేయి గుప్పున జారినచో అక్కడ నూనె లేదని అర్థము. ఆ పిమ్మట ఒక్కొక్కదానిని దూలమునకు తగిలించి, ఒకే బరువు వ్రేలాడదీసి, కడ్డీ పూర్తిగా దిగుటకు ఎంతసేపు పట్టునో గడియారముతో చూచితిమి. ఎడమది త్వరగాను కుడిది నిదానముగాను కదలు బండి, బ్రేకు వేసినప్పుడు ఒకవైపు లాగును. పదునాలుగింటిలో సమానముగా దిగినవి రెండే.

పీట విషయములో వెల్డింగును పూర్తిగా మానితిమి. కర్మాగారమే పీట వేసి పంపిన షాకులనే ఏరుకొనియుంటిమి. ఆ పీటమీద కూర్చుండునట్లు లేతు అంగడిలో ఉక్కు గొట్టమును తోపించి, దాని వెలుపల రెండు మిల్లీమీటర్ల మర కోయించి, స్ప్రింగు నాను వలయమును, అది తిరిగిపోకుండ బిగించు మరియొక వలయమును చేయించితిమి. వలయమును ఒక్క చుట్టు త్రిప్పినచో స్ప్రింగు రెండు మిల్లీమీటర్లు లేచును, ఆర్ము లెక్కచే బండి మూడు మిల్లీమీటర్లకు పైగా లేచును. వలయమును పైకి త్రిప్పినచో స్ప్రింగు గట్టిపడునని చాలమంది నమ్మిక. అది పొరపాటు. ఒకే తీరున చుట్టిన స్ప్రింగు గట్టితనము మారదు, బండి ఎత్తు మాత్రమే మారును.

ఇక్కడ యువకులకు ఒక హెచ్చరిక. నేటి షాకులలో చాలవాటియందు నూనెతోపాటు మిక్కిలి ఒత్తిడితో గ్యాసు నింపియుందురు. అట్టి గొట్టమును కోయుట, తొలచుట, మంటకు చూపుట ప్రాణాపాయము. మేము మొదట వెల్డింగు చేసినది గ్యాసు లేని షాకు కావుటచేతనే ఆనాడు మణికట్టుతో పోయినది.

ఇవన్నియు చేసి, మరల అదే బీడుమీదికి బండిని తెచ్చితిమి. ముందుగా నిలిపియే ముక్కును నొక్కి వదలితిమి. ఒకసారి పైకి వచ్చి, నిలిచినది. గంటకు పదేసి కిలోమీటర్లు పెంచుచు నడపితిమి. ప్రతి సుత్తుకును ఆపి, రెండు షాకులను చేతితో తాకి చూచితిమి. పాత మేస్త్రీలు చేయు పరీక్ష ఇది. రెండును సమానముగా వెచ్చబడినచో రెండును పనిచేయుచున్నవి. ఒకటి చల్లగా నున్నచో అది సోమరి. మావి రెండును వెచ్చగానే ఉండెను. సాయంకాలమునకు అదే గట్టును, అదే 40 కిలోమీటర్ల వేగమున దాటితిమి. నడపినది మణికట్టు విరిగిన మిత్రుడే. అది అతని కోరిక. చేను గట్టున అతని తల్లి నిలుచుండి చూచెను.

ఖర్చు సంగతి అడుగుదురు. స్ప్రింగులు, షాకులు తుక్కు ధరకే వచ్చినవి. లేతు పనికి అంతకంటె ఎక్కువైనది. రబ్బరు బుష్‌లు, బోల్టులు, నట్టులు, దెబ్బకు అడ్డుపడు రబ్బరు దిమ్మెలు, బ్రేకు గొట్టములు, వీటిని మాత్రము కొత్తవే కొంటిమి. అన్నియు లెక్క చూడగా మొదటిసారి మిగిలించుకొంటిమనుకొన్న సొమ్ము నిలువలేదు. అయినను కొత్త కట్టులు తెప్పించుటతో పోల్చినచో ఇది ఎంతో తక్కువ. మేము పెట్టిన పెట్టుబడిలో పెద్ద భాగము ధనము కాదు, కాలము. కొలతకు మూడు వారములు పట్టినది. మొదటిసారి పొదుపు చేసినది డబ్బును కాదు, ఆ మూడు వారములనే.

మరియొక మాట. ఈ బండి రహదారికి రాదు. 1988 మోటారు వాహనముల చట్టపు 52వ విభాగము, రిజిస్టరైన బండిని దాని పత్రములోని వివరములకు భిన్నముగా మార్చుటను నిషేధించుచున్నది. హైదరాబాదు నుండి బెంగుళూరుకు పోవు పెద్దరోడ్డు మా జిల్లా నడుమనుండియే పోవుచున్నది. దానిపై ఎదురు వచ్చువారికి మా ప్రయోగములతో సంబంధము లేదు. మా ఆట మా బీడుమీదనే. పందెమునకు పోదలచినవారు, బండిని తనిఖీ చేసి అనుమతించు మైదానములకే పోవలెను.

2019 నుండి పెనుకొండ దాపున ఎఱ్ఱమంచిలో కియా వారి కర్మాగారము నడుచుచున్నది. కరవునేల నుండి కార్లు దేశమంతటికిని పోవుచున్నవి. ఆ కార్లు కూడ ఒకనాడు పాతబడును, వాటి షాకులును తుక్కు అంగడి చేరును. వాటిని చూచి మావంటి కుర్రవారికి మరల చేతులు దురద పెట్టును. పెట్టవలెను కూడ. చేతితో చేసి నేర్చుకొన్న విద్య వేరు. అయితే కొలిమిలో కొడవలి యైన కమాను పట్టీ విరిగినచో ఒక పూట కోత ఆగును, అంతే. చక్రముపై పెట్టిన స్ప్రింగు జారినచో ఆగునది వేరు. పాత ముక్కను చేత పట్టుకొన్నప్పుడు, ఇది విరిగినచో ఏమగునని ముందుగా అడుగవలెను. ఆ ప్రశ్నకు జవాబు కాటామీద దొరకును. ఇప్పుడు మా కొట్టములో గోడమీద, విరిగిన ఆ మొదటి వలయమును మేకుకు తగిలించి ఉంచితిమి. కొత్తగా వచ్చిన కుర్రవారెవ్వరైనను బండి సంగతి అడిగినచో, బండికంటె ముందు దానినే చూపుచున్నాము.